సంతకం గుమ్మం దాకే

(ఒక పారామెడికల్ కాలేజీలో మెడికల్ ఇమేజింగ్ విద్యార్థులతో, వాళ్ల తల్లిదండ్రులతో ఒక విశ్రాంత చీఫ్ రేడియోగ్రాఫర్ మాట్లాడిన మాటలు. ఆ రోజు రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనక నిలబడ్డ నాన్నలు కూడా ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ల కిందంతా పిల్లలే కూర్చున్నారు, పెద్దవాళ్లకి కాస్త చోటివ్వండమ్మా.

క్లినికల్ పోస్టింగుల గురించి, అంటే చదువులో భాగంగా హాస్పిటల్లో పని నేర్చుకోవడం గురించి, మాట్లాడమన్నారు నన్ను. ముందు మిమ్మల్ని ఒకటి అడుగుతా. పోస్టింగ్ అనగానే మీకు ముందు ఏం గుర్తొస్తుంది? చెప్పండి, మొహమాటం వద్దు. ఏ హాస్పిటలా? అదే కదా. ఏ హాస్పిటల్ పడుతుందో అని. మా రోజుల్లో మేమూ అదే అడిగాం. పెద్ద పేరున్న చోట పడితే ఇంక ఉద్యోగం వచ్చేసినట్టే అనుకున్నాం.

ముప్పై ఏళ్లకి పైగా ఎక్స్‌రే గదుల్లోనే బతికాను కాబట్టి చెబుతున్నా. హాస్పిటల్ బోర్డు మీకేం నేర్పదు. లోపల, పొద్దున్నించి నిలబడి కాళ్లు లాగుతున్న మనిషి ఒకరు ఉంటారు చూడండి, ఇన్‌ఛార్జి రేడియోగ్రాఫరు, నేర్పితే ఆయనే నేర్పాలి. లేదా ఆవిడ నేర్పాలి. మీకు నేర్పినందుకు ఆయనకి జీతంలో ఒక్క రూపాయి ఎక్కువ రాదు. పైగా మీ వల్ల ఆయన పని ఆలస్యమవుతుంది. బయట నూరు మంది క్యూలో ఉంటారు. మీరు కేసెట్, అదే ఫిలిం పెట్టే పలక, ఎటు పెట్టాలో ఆలోచిస్తుంటే బయట నుంచి తలుపు కొడుతుంటారు. మరి ఆయన మిమ్మల్ని ఎందుకు రానివ్వాలి? ఈ ప్రశ్నకి మీ దగ్గర జవాబుంటే పోస్టింగ్ కుదిరినట్టే. లేకపోతే సూపరింటెండెంట్ సంతకం మిమ్మల్ని గుమ్మం దాకా తీసుకెళ్తుంది, అంతే. గుమ్మం దాటి మిషన్ దగ్గరికి వెళ్లడం ఇంకో సంగతి.

దీనికో కథ చెబుతా. నేను పనిచేసిన ఒకచోటికి ఒకబ్బాయి ఎమ్మెల్యే గారి లెటర్ పట్టుకొచ్చాడు. వాళ్ల నాన్న కష్టపడి తెప్పించారు పాపం. పై నుంచి ఫోన్ కూడా వచ్చింది. మా ఇన్‌ఛార్జి సార్ ఏం చేశారో తెలుసా? కాదనలేదు. ఆ అబ్బాయికి ఒక కుర్చీ వేయించారు, కిటికీ పక్కన, గాలొచ్చే చోట. "కూర్చో బాబూ" అన్నారు. మూడు నెలలు ఆ అబ్బాయి ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. రెండు పూటలా టీ కూడా వచ్చేది. వెళ్లేటప్పుడు అటెండెన్స్ మీద సంతకం పెట్టించుకుని వెళ్లాడు. మణికట్టు ఎక్స్‌రే ఒక్కటి కూడా తియ్యలేదు. నవ్వకండి, ఆ అబ్బాయి మంచివాడే. ఇన్‌ఛార్జికి చెప్పాల్సిన మాట ఎమ్మెల్యే గారితో చెప్పించాడు, అక్కడే దెబ్బతింది.

సరే, లెటర్ గురించి చెప్పుకుందాం, అది కూడా కావాలి కదా. గవర్నమెంట్ హాస్పిటలయితే లెటర్ సూపరింటెండెంట్ గారి పేరు మీద ఉండాలి, రేడియాలజీ హెచ్‌ఓడీ గారి ద్వారా వెళ్లాలి. బోధనాసుపత్రులు డీఎంఈ, అంటే వైద్య విద్య డైరెక్టర్, కింద ఉంటాయి కాబట్టి ఒక్కోసారి అక్కడి నుంచి అనుమతి తెమ్మంటారు. లెటర్లో ఏముండాలి? ఎంతమంది, ఏ ఏడాది వాళ్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, రోజుకి ఏ టైములో, ఏ ఏ విభాగాల్లో. కాలేజీలో ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆ పేరు, నంబరు. మా టేబుల్ మీదకి వచ్చిన లెటర్లలో సగం "మా విద్యార్థులకు తగిన సదుపాయం కల్పించగలరని ప్రార్థన" అని రాసేసి ఊరుకునేవి. తగిన సదుపాయం అంటే ఏంటి? ఎంతమందికి? ఎప్పటి నుంచి? అలాంటి లెటర్ మీద ఎవరైనా ఏం రాస్తారు? "చర్చించండి" అని రాసి పక్కన పెడతారు. ఆ పక్కకి వెళ్లిందంటే ఇంక ఆ ఫైలు కదలదు.

లెటర్ ఇచ్చాక ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. ఇది చిన్న విషయం అనుకుంటారు. ఇన్‌వర్డ్ నంబరు లేని కాయితం ఆఫీసులో లేనట్టే. నంబరు ఉంటే వారం తర్వాత వెళ్లి "సార్, ఫలానా నంబరు, ఫలానా తేదీ" అని అడగొచ్చు. లేకపోతే "ఏ లెటరమ్మా? మాకేం రాలేదే" అంటారు. వాళ్లని అనీ లాభం లేదు, అక్కడ రోజుకి అన్ని కాయితాలు వస్తాయి.

తల్లిదండ్రులకి ఒక మాట. కాలేజీలో చేర్చే ముందే అడగండి, సిగ్గుపడకండి. క్లినికల్ పోస్టింగ్ ఎక్కడ? ఆ హాస్పిటల్‌తో ఎంఓయూ, అంటే రాతపూర్వక ఒప్పందం, ఉందా, కాపీ చూపిస్తారా? అక్కడ రోజుకి ఎన్ని ఎక్స్‌రేలు అవుతాయి? సీటీ ఉందా? అక్కడికీ కాలేజీకీ ఎంత దూరం? ఎందుకంటే కొన్ని కాలేజీలు రెండో ఏడాది రాగానే పిల్లల చేతిలో ఒక లెటర్ పెట్టి "మీరే చూసుకోండి" అంటాయి. చదివించేది కాలేజీ, ఫీజు తీసుకునేది కాలేజీ, పోస్టింగ్ మాత్రం పిల్లలు వెతుక్కోవాలా? వెతుక్కోవాల్సిన పరిస్థితే వస్తే ఎలాగో ఇప్పుడు చెబుతా, కానీ అది సరైన పద్ధతి అని మాత్రం ఒప్పుకోను.

ఇన్‌ఛార్జిని కలవడానికి ఎప్పుడు వెళ్లాలి? సోమవారం పొద్దున మాత్రం వద్దు. ఆదివారం ఓపీ ఉండదు కాబట్టి సోమవారం జనం పోటెత్తుతారు. ఆ టైములో మీరు ఫైలు పట్టుకుని గుమ్మంలో నిలబడితే దారికి అడ్డమవుతారు తప్ప ఎవరూ మాట్లాడరు. వారం మధ్యలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లండి. వెళ్లి ఏమనాలి? "సార్, మేం నలుగురం. నలుగురం ఒకేసారి గదిలోకి రాం. ఇద్దరం పొద్దున, ఇద్దరం మధ్యాహ్నం వస్తాం. మొదటి వారం రిజిస్టరు రాస్తాం, పేషెంట్లని స్ట్రెచర్ మీంచి టేబుల్ మీదకి మార్చడానికి సాయం పడతాం, మీరు చెప్పేదాకా మిషన్ ముట్టుకోం." చూశారా? ఈ నాలుగు మాటల్లో ఆయన కష్టం ఏమిటో మీకు తెలుసని ఆయనకి అర్థమైపోతుంది. గదిలో ఆరుగురు తెల్లకోట్లు గుంపుగా నిలబడితే పేషెంటుకి భయం, ఆయనకి చికాకు. ఇద్దరైతే ఎవరికీ బరువు కాదు.

కానీ ఒకటి. మొదటి వారం రిజిస్టరు రాస్తామన్నారు కదా అని మూడు నెలలు రిజిస్టరే రాయిస్తే? అలా కూడా జరుగుతుంది. నా దగ్గర చదివిన ఒకమ్మాయిని ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో వేశాం. ఊరు, పేరు వద్దు. పోస్టింగ్ పేరు చెప్పి ఆ అమ్మాయిని రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు. బిల్లులు కొట్టడం, రిపోర్టులు కవర్లలో పెట్టడం, సార్ వాళ్లకి ఫోన్లు చెయ్యడం. జీతం లేని ఉద్యోగం. రెండు నెలలకి గానీ నాకు చెప్పలేదు. అడిగితే "మేడమ్, సంతకం పెట్టరేమోనని" అంది. ఆ రోజే వెనక్కి పిలిచేశాం. అలా అయితే చెప్పండమ్మా. కాలేజీకి చెప్పండి, ఇంట్లో చెప్పండి. సంతకం కోసం మూడు నెలలు పోగొట్టుకోవద్దు.

ఇప్పుడు ఏ చోటు మంచిది అన్న దగ్గరికొద్దాం. ప్రతి ఊళ్లో ఒక డాక్టర్ల పేట ఉంటుంది. విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట, నెల్లూరులో పొగతోట. ఆ వీధిలో నడిస్తే అడుగడుగునా స్కానింగ్ సెంటర్ బోర్డులే. పిల్లలందరి కన్నూ అక్కడే. ఎందుకంటే ఎంఆర్‌ఐ ఉంటుంది, ఏసీ ఉంటుంది. అందరికీ ఎంఆర్‌ఐ కావాలి, ఎక్స్‌రే ఎవరికీ వద్దు. నేనేమంటానంటే, మొదటి పోస్టింగ్ పెద్ద గవర్నమెంట్ హాస్పిటల్ ఎక్స్‌రేలో చెయ్యండి. క్యాజువాలిటీ ఉన్న చోట. బైకు మీంచి పడ్డవాళ్లు, తాటిచెట్టు మీంచి పడ్డవాళ్లు, పొలంలో జారి తుంటి విరిగిన ముసలమ్మలు, అందరూ అక్కడికే వస్తారు. పుస్తకంలో పేషెంటు ఎలా ఉంటాడు? అరచెయ్యి చాపి చక్కగా బల్ల మీద పెడతాడు. క్యాజువాలిటీలో చెయ్యి చాపలేని మనిషి వస్తాడు. ముట్టుకుంటే కేకేస్తాడు. చెయ్యి తిరగకపోతే ట్యూబు తిప్పాలి, కేసెట్ నిలబెట్టాలి. ఆ పని ఏ ల్యాబ్‌లోనూ రాదు.

ఛాతీ ఎక్స్‌రే సంగతే చూడండి. అందరికంటే తేలికైంది అనుకుంటారు. ఆరడుగుల దూరం, గడ్డం పైకి, చేతులు నడుం మీద, మోచేతులు ముందుకి. మోచేతులు ముందుకి ఎందుకు? భుజం ఎముకలు ఊపిరితిత్తుల మీంచి పక్కకి జరగడానికి. ఇది మీకు తెలుసు, పరీక్షలో రాస్తారు. మరి మంగళసూత్రం సంగతి పుస్తకంలో ఉందా? మన ఆడవాళ్ల సూత్రాలకి పిన్నీసులు వేలాడుతుంటాయి, నాలుగూ ఐదూ. తియ్యమంటే తియ్యరు. నేను కొత్తలో ఒక మామ్మ గారితో "తీసెయ్యి మామ్మా, అడ్డం" అన్నా. ఆవిడ ఎక్స్‌రేనే వద్దని బయటికి వెళ్లిపోయింది. మా సార్ వెళ్లి బతిమాలి తీసుకొచ్చారు. "తియ్యొద్దు తల్లీ, పైకెత్తి పళ్ల మధ్య పట్టుకో, పిన్నీసులు మాత్రం నా చేతిలో పెట్టు, లెక్కపెట్టి ఇస్తా" అన్నారు. ఇచ్చేసింది. ఆ తర్వాత ఊపిరి బిగపట్టమంటే ఆవిడకి అర్థం కావట్లేదు, బిగపట్టి వెంటనే వదిలేస్తోంది. సార్ ఏమన్నారో తెలుసా? "గోదాట్లో మునక వేస్తున్నావనుకో మామ్మా." అంతే, బిగపట్టేసింది. ఫిలిం అద్దంలా వచ్చింది. ఇదండీ పోస్టింగ్ అంటే. ఆ మాట నేను రిటైరయ్యేదాకా వాడుకున్నా.

అన్నట్టు హైదరాబాద్ వెళ్లే పిల్లలు, నిమ్స్‌కో ఉస్మానియాకో గాంధీకో వెళ్తే, మునక మాట అందరి దగ్గరా పనికిరాదు. "సాస్ లీజియే, రోకియే, ఛోడియే", అంటే పీల్చండి, ఆపండి, వదలండి, ఈ మూడు ముక్కలు బస్సు దిగేలోపు నేర్చుకోండి.

నా తప్పు కూడా ఒకటి చెబుతా. 1988లో సీఆర్‌ఏ కోర్సు, అంటే ఎక్స్‌రే అసిస్టెంట్ సర్టిఫికెట్ కోర్సు, చేస్తున్నా నేను. అప్పుడు కంప్యూటర్లు లేవు, డార్క్ రూమ్. ఎర్ర లైటు, డెవలపరు తొట్టి, హైపో తొట్టి, చీర కొంగుకి కూడా హైపో వాసనే. లోపల మా సార్ ఫిలిములు కడుగుతున్నారు. నేను ఏదో అడగడానికని తలుపు తీసేశా. బయట పట్టపగలు. అంతే, వెలుగు తగిలి లోపల ఉన్న ఫిలిములన్నీ పోయాయి. సార్ తిట్టలేదు. తిడితే బాగుండేది. నల్లగా అయిపోయిన ఫిలిం ఒకటి క్లిప్పుకి తగిలించి నా చేతికిచ్చారు. "వెళ్లి వాళ్లకి చూపించి, మళ్లీ తియ్యాలని నువ్వే చెప్పు" అన్నారు. బయట ఐదుగురున్నారు. ఒకతను ఎడ్లబండి మీంచి పడి కాలు విరిగినవాడు. మళ్లీ టేబుల్ ఎక్కించాలి. మళ్లీ కాలు తిప్పాలి. అతని అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నా? అప్పుడు తప్పు చేస్తే ఫిలిం నల్లబడేది, అందరికీ తెలిసేది. ఇప్పుడు డీఆర్, అంటే ఫిలిం లేని డిజిటల్ ఎక్స్‌రే, వచ్చింది. పొజిషన్ తప్పిందా? డిలీట్ కొట్టి మళ్లీ ఎక్స్‌పోజ్ చేస్తారు. పది సెకన్ల పని, ఫిలిం ఖర్చు లేదు, ఎవరికీ తెలీదు. తెలిసేది ఎవరికి? పేషెంటు ఒంటికి. రెండుసార్లు రేడియేషన్ తిన్నది ఆ మనిషి. అందుకని పోస్టింగ్ కుదుర్చుకునేటప్పుడు నేనైతే ఒకటి అడుగుతా. ఇక్కడ రిపీట్లు రాసిపెడతారా? ఏ ఎక్స్‌రే ఎందుకు మళ్లీ తీశారో రాసే పుస్తకం ఉందా? ఉంటే కళ్లు మూసుకుని అక్కడ చేరండి. ఆ పుస్తకం పెట్టిన ఇన్‌ఛార్జి మీకు నేర్పకుండా ఉండడు.

టైము సంగతి. పోస్టింగ్ జూన్‌లో అనుకోండి, ఎప్పుడు మొదలుపెట్టాలి? మేలో అనకండి. హెపటైటిస్ బీ టీకా ఎంతమంది వేయించుకున్నారు? చేతులెత్తండి. చూశారా, సగం కూడా లేరు. ఆ టీకా మూడు డోసులు. మొదటిది, నెలకి రెండోది, మొదటి దాన్నుంచి ఆరు నెలలకి మూడోది. అంటే ఇవాళ మొదలుపెడితే పూర్తయ్యేది ఆరు నెలలకి. మీరు రక్తం కారుతున్న కాలు పట్టుకుంటారు, సీటీలో కాంట్రాస్ట్ మందు ఎక్కించే సూదులు పక్కనే ఉంటాయి. మంచి హాస్పిటల్ టీకా కార్డు లేకుండా లోపలికి రానివ్వదు. అన్ని కాయితాలూ తొందరపెట్టి తెచ్చుకోవచ్చు, ఇది మాత్రం తొందరపెడితే రాదు.

ఇక బ్యాడ్జ్, ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచేది. టీఎల్‌డీ బ్యాడ్జ్ ఇస్తారా లేదా అని ముందే అడగండి. మన దేశంలో రేడియేషన్ భద్రత చూసేది ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ మండలి, 1983 నుంచి ఉంది, ముంబైలో. రేడియేషన్‌తో పనిచేసేవాళ్లకి ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత) పరిమితి, ఐదేళ్ల మీద లెక్క, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. పద్దెనిమిది నిండని శిక్షణార్థులకి 6 మాత్రమే. ఇంటర్ అవగానే చేరిన వాళ్లలో పదిహేడేళ్ల పిల్లలుంటారు, మీ వయసు ముందే చెప్పండి. బ్యాడ్జ్ ఛాతీ దగ్గర, లెడ్ ఏప్రాన్ లోపల పెట్టుకోవాలి. మూడు నెలలకోసారి రీడింగుకి వెళ్తుంది. స్నేహితుడిది పెట్టుకోకూడదు, మీది ఇంకొకరికి ఇవ్వకూడదు.

ఒక కుర్రాడు ఏప్రానుకి బ్యాడ్జ్ గుచ్చేసి, ఏప్రాన్ని ఎక్స్‌రే గదిలోనే స్టాండుకి తగిలించి ఇంటికి వెళ్లిపోయేవాడు. రోజూ. రాత్రంతా వార్డుల్లో తీసే పోర్టబుల్స్ కాకుండా మిగతా ఎక్స్‌రేలన్నీ ఆ గదిలోనే. రీడింగ్ వచ్చేసరికి పాపం ఆ కుర్రాడు రేడియేషన్‌లో స్నానం చేసినట్టు వచ్చింది. వివరణ అడిగారు. వాళ్లమ్మ ఏడుపు. తీరా చూస్తే తిన్నది స్టాండు. నవ్వుతున్నారు గానీ, ఆ పని చేసేవాళ్లు ఈ హాల్లో రేపు కనీసం నలుగురుంటారు.

ఏప్రాన్ మాటొచ్చింది కాబట్టి, దాన్ని మడతపెట్టకండి. దుప్పటి కాదది. మడత దగ్గర లోపల సీసం పొర పగులుతుంది, పైకి కనపడదు. కొత్త స్టూడెంట్ ఏప్రాన్ తీసి ఎక్కడ పెడతాడో ఇన్‌ఛార్జి ఓరకంట చూస్తుంటాడు. నేనూ చూసేదాన్ని. హ్యాంగరుకి తగిలించిన పిల్లకి మర్నాడే ఎక్స్‌పోజర్ బటన్ దగ్గర నిలబడే అవకాశం వచ్చేది.

ఎంఆర్‌ఐ మోజున్న వాళ్లకి రెండు ముక్కలు. 1.5 టెస్లా మిషన్ అంటే భూమి అయస్కాంతానికి ఇంచుమించు ముప్పై వేల రెట్లు. స్కాన్ జరగనప్పుడు ఆగి ఉంటుందనుకుంటారు. ఆగదు. రాత్రి, పగలు, ఆదివారం, పండగ, ఎప్పుడూ ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలో ఒక ఆసుపత్రిలో ఏమైంది? ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని లోపలికి వెళ్లిన మనిషిని సిలిండర్‌తో సహా లాగేసింది, ప్రాణం పోయింది. ఆయన పేషెంటు కూడా కాదు, బంధువు. కాబట్టి ఎంఆర్‌ఐ పోస్టింగ్ అంటే మొదటి నెల మీ పని బయట గదిలోనే. పేస్‌మేకర్ ఉందా, ఒంట్లో ప్లేట్లు ఉన్నాయా అని అడగడం, జేబులు ఖాళీ చేయించడం. ఆ పిన్నీసులు గుర్తున్నాయా? ఇక్కడ పళ్ల మధ్య పట్టుకుంటే కుదరదు. ఒక్కటి కూడా లోపలికి వెళ్లకూడదు. మీ తలలో పిన్నులు, మీ స్కూటర్ తాళాలు కూడా.

అల్ట్రాసౌండ్ సంగతి త్వరగా చెప్పేస్తా. మన దేశంలో గర్భిణులకి స్కాన్ చేసేది చట్టం ప్రకారం అర్హత ఉన్న డాక్టరే. ఎవరైనా "ప్రోబ్ పట్టుకో, నేర్పుతా" అన్నా మీరు పట్టుకోకండి. 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం ఉంది, లింగనిర్ధారణకి మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు. స్కానింగ్ గది బయట మిమ్మల్ని వరండాలో పట్టుకుంటారు. అత్తగారు వస్తుంది, చేతిలో వంద నోటు మడిచి పెడుతుంది, "ఏం లేదు నాన్నా, పాపా బాబా చెప్పు, స్వీట్లు తినిపిస్తాం" అంటుంది. మర్యాదగానే అంటుంది. "నాకు తెలీదు పెద్దమ్మా" అని వచ్చెయ్యండి. మొహంలో కూడా ఏం కనపడనివ్వకండి. నవ్వినా ఏదో ఒకటి అర్థం తీస్తారు.

లాగ్‌బుక్. ఏ రోజు కేసు ఆ రోజే రాసి, ఆ రోజే సంతకం పెట్టించుకోండి. నెలాఖరున అరవై పేజీలు పట్టుకెళ్తే ఎవరు పెడతారు? పెట్టినా చూడకుండా పెడతారు. మీలో సగం మందికి గల్ఫ్ మీదో యూకే మీదో కన్ను ఉంటుంది, నాకు తెలుసు. అక్కడికి అప్లై చేసేటప్పుడు చదువులో ప్రాక్టికల్ ఏం చేశారు, ఎన్నాళ్లు చేశారు అని అడుగుతారు. గల్ఫ్ దేశాలకైతే సర్టిఫికెట్ ఇచ్చిన చోటికే రాసి కనుక్కుంటారు. పోస్టింగ్ చెయ్యకుండా డబ్బిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకునే వాళ్లు ఇక్కడ దొరకరేమో, అక్కడ దొరుకుతారు.

ప్రయాణం ఖర్చులు. ఆడపిల్లలకి ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఆర్టీసీలో ఉచితం కాబట్టి అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న హాస్పిటల్ కూడా అందుబాటులోకొచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. మా బ్యాచ్‌లో ఇద్దరమ్మాయిలు బస్సు ఛార్జీలు చాలక దగ్గర్లో ఉన్న చిన్న క్లినిక్‌తో సరిపెట్టుకున్నారు. మగపిల్లలు పాస్ తీసుకోండి, ఏడవకండి. అన్ని బస్సులకీ ఉచితం వర్తించదు, అది చూసుకుని టైము వేసుకోండి. ఎనిమిదింటికి డ్యూటీ అంటే ఎనిమిదింటికి గదిలో ఉండాలి, బస్టాండ్‌లో కాదు.

ఇంక నేను ఆపేస్తా, మీ ప్రశ్నలు వింటా. ఎవరో చెయ్యెత్తారు అక్కడ. అడుగమ్మా, లేచి నిలబడి గట్టిగా అడుగు, వెనకవాళ్లకి వినపడాలి.

నైట్ డ్యూటీలో ఒక్కదాన్నే ఉంచితే? ఉండకూడదు. నైట్ డ్యూటీ చెయ్యండి, తప్పకుండా చెయ్యండి, రాత్రిళ్లు వచ్చే కేసులే కేసులు. కానీ పక్కన డ్యూటీ రేడియోగ్రాఫర్ ఉంటేనే. ఆయన పైగదిలో పడుకుని "నువ్వు తీసెయ్యి, లేపకు" అంటే ఎక్స్‌పోజర్ మీరు ఇవ్వొద్దు. లేపండి. తిడతాడు, తిట్టనివ్వండి. పొద్దున టీ తాగేటప్పుడు మర్చిపోతాడు.

ఇంకెవరు? ఆ చివర్న నీలం చొక్కా బాబు. ఏంటి, ఏడుస్తున్న పసిపిల్లాణ్ని కదలకుండా పట్టుకోమంటే ఎవరు పట్టుకోవాలని? మంచి ప్రశ్న బాబూ. నువ్వు కాదు. రోజూ నువ్వే పట్టుకుంటే ఏడాదికి నీకెంత పడుతుంది? పిల్లాడితో వచ్చినవాళ్లలో ఒకరు పట్టుకుంటారు, ఏప్రాన్ వేసి. వాళ్లమ్మే పట్టుకుంటానని ముందుకొస్తుంది. ఏప్రాన్ ఇచ్చే ముందు ఆవిణ్ని పక్కకి పిలిచి, అమ్మాయిలైతే మీరే, లేకపోతే సిస్టర్‌తో, మెల్లగా అడిగించు, మళ్లీ నెల తప్పిందా అని. అనుమానం ఉందంటే నాన్నని పిలు. నాన్న టీ తాగడానికి వెళ్లాడంటారు. వచ్చేదాకా ఆగు.